తారల వేషం - తనదైన వేషం

ఒక కాలపు అభిరుచిని అంచనా వేయదలచినప్పుడు ఆ కాలపు కావ్యాన్ని, శిల్పాన్ని, సంగీతాన్ని పరిశీలించడం విమర్శకులకు అలవాటు. రవిక చేతి పొడవు, పాపిట తీసిన తీరు, చొక్కా కాలరు వెడల్పు వంటివి విమర్శకు తగిన వస్తువులని భావించినవారు అరుదు. సినిమా తారలను చూసి యువతీయువకులు తమ వేషం మార్చుకోవడాన్ని పత్రికలు చాలాకాలం రెండు విధాలుగానే ప్రస్తావిస్తూ వచ్చాయి. ఒకటి పరిహాసం, రెండవది హెచ్చరిక. వెర్రి వ్యామోహమని తీర్పు చెప్పి ఊరుకోవడం సులభమే. కాని తార వేషంలోని ఏ అంశాన్ని జనం స్వీకరించారు, దేనిని వదిలివేశారు, స్వీకరించినదాన్ని ఏ విధంగా మార్చుకొన్నారు అనే ప్రశ్నలు వేసుకొన్నప్పుడు ఆ తీర్పు నిలవదు. తార వేషాన్ని నిలువెల్లా దించుకొన్నవారు ఏ కాలంలోనూ కొద్దిమందే. అధిక సంఖ్యాకులు తీసుకొన్నది ఒక ముడి, ఒక అంచు, ఒక చేతి కత్తిరింపు మాత్రమే. మిగిలినదంతా వారి సొంతం.

తెరమీద తారలు వెలియక పూర్వమే మన ఇళ్ళలో గోడమీద తారలు వెలిశారు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం నుంచి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు పూజామందిరాలకు చేరాయి. ఆ దేవతలు కట్టుకొన్నది చీర. ముందు కుచ్చెళ్ళు, భుజం మీదుగా పమిట. ఆంధ్రదేశపు కట్టుగా పలువురు పేర్కొనే ఈ నీవి దేశంలోని అనేక కట్టుల మధ్య సర్వసామాన్యం కావడంలో ఆ పటాలకు గణనీయమైన భాగముంది. ఠాగూరు కుటుంబపు కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్శీ స్త్రీల కట్టును గమనించి, దానికి లోపావడాను, రవికను జోడించి బెంగాలుకు తీసుకువెళ్ళడం, బ్రహ్మసమాజ స్త్రీలు దానిని అవలంబించడం మరొక ఘట్టం. ఒకరు దేవతను చూసి నేర్చుకొన్నారు, మరొకరు పొరుగింటి స్త్రీని చూసి నేర్చుకొన్నారు. ఇద్దరూ తాము అనుకరిస్తున్నామని సిగ్గుపడలేదు.

ఈ విషయంలో మిక్కిలి ఫలవంతమైన ఉదాహరణ హిందీ చిత్రసీమకు చెందిన సాధన. 1960లో విడుదలైన ‘లవ్ ఇన్ సిమ్లా’ చిత్రంతో ఆమె కథానాయికగా పరిచయమయ్యారు. ఆమె నుదురు వెడల్పు. కెమెరా ముందు అది లోపంగా కనిపించడంతో దర్శకుడు ఆర్.కె. నయ్యర్ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ కేశాలంకరణను దృష్టిలో ఉంచుకొని, ఆమె జుట్టును నుదుటిమీద పడేటట్లు కత్తిరింపజేశారు. ‘సాధనా కట్’ అనే పేరు అప్పటినుంచి దేశమంతటా వ్యాపించింది. తెలుగు పట్టణాల్లోనూ ఆ మాట తల్లుల నోట విసుగుగానూ, కూతుళ్ళ నోట కోరికగానూ వినిపించింది. ముంగురులు మన కవులకు కొత్త కాదు. ప్రబంధ నాయికల ముంగురుల మీద తుమ్మెదలు వాలిన పద్యాలకు లెక్కలేదు. కాకపోతే కావ్యంలోని ముంగురులు వంకర తిరిగి వాటంతట అవి జారిపడేవి; సాధన ముంగురులు కత్తెరతో తీర్చినవి. పుట్టుకతో వచ్చిన అందాన్ని మాత్రమే కవులు పొగిడిన చోట, కావాలని చేసుకొన్న అందం వచ్చి నిలిచింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనార్హం. ఆ ముంగురులు సాధనకు అలంకారం కావడానికి ముందు మరుగు. ఒక నిర్దిష్టమైన నుదుటికి సంబంధించిన ఇబ్బందికి దొరికిన ఉపాయం అది. అందుకే ఆమె ముఖానికి అది అంతగా అమరింది. ఆమెను చూసి జుట్టు కత్తిరించుకొన్న అమ్మాయిల్లో నుదురు ఇరుకైనవారూ ఉన్నారు, ఉంగరాల జుట్టువారూ ఉన్నారు, నూనె రాయక తప్పని ఇళ్ళవారూ ఉన్నారు. నూనె రాసిన ముంగురు నుదుటికి అతుక్కుపోతుంది. ఉంగరాల జుట్టు కత్తిరిస్తే పైకి లేస్తుంది. కొందరు రెండు వారాలకే పిన్నులు పెట్టి వెనక్కి దువ్వుకొన్నారు. మరికొందరు ముంగురును పక్కకు తిప్పుకొని, పాపిటను మార్చుకొని, జడను యథాతథంగా ఉంచుకొన్నారు. ఈ రెండవ తరగతివారే నిజమైన అనుచరులు. సాధన తన నుదుటి విషయంలో చేసిన పనినే వారు తమ జుట్టు విషయంలో చేశారు. ఆమె కేశాలంకరణను కాక, ఆమె పద్ధతిని స్వీకరించారని చెప్పవచ్చు. తారను అనుసరించడానికీ తారను దించుకోవడానికీ మధ్యగల భేదం ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

సాధన సైతం తన ముద్రకు బందీ కాలేదు. అదే 1960లో వచ్చిన బిమల్ రాయ్ చిత్రం ‘పరఖ్’లో ఆమె పోస్టుమాస్టరు కుమార్తెగా, పల్లెటూరి యువతిగా నిరాడంబరమైన చీరలో కనిపిస్తారు. ఆ వేషం పేరుతో ఏ కత్తిరింపూ ప్రచారంలోకి రాలేదు. నటనకు ఆమె పొందిన ప్రశంసల్లో ఆ చిత్రానిది సముచిత స్థానమే అయినా, జనం ఆ చిత్రం నుంచి అలంకరణపరంగా తీసుకొన్నది ఏమీ లేదు. అప్పటికే తమ వద్ద ఉన్నదాన్ని తెరమీద చూసినప్పుడు దానిని ఆదర్శంగా గుర్తించడం కష్టం కాబోలు.

1965 నాటి ‘వక్త్’ చిత్రంలో సాధన ధరించిన బిగుతు చుడీదారు, కుర్తా రెండవ ఉదాహరణ. వాటిని రూపొందించినవారు భాను అథైయా. కొల్హాపూరులో జన్మించి, చిత్రకళను అభ్యసించిన ఆమె తరువాతి కాలంలో ‘గాంధీ’ చిత్రానికి 1983లో ఆస్కార్ పురస్కారం అందుకొన్న తొలి భారతీయురాలయ్యారు. కరాచీలో పుట్టిన సింధీ నటి, మరాఠీ రూపకర్త, బొంబాయి దర్జీలు కలిసి తీర్చిన ఈ దుస్తులను తెలుగువారు ‘పంజాబీ డ్రెస్సు’ అన్నారు. ఈ పేరులోని అమాయకత్వాన్ని చూసి నవ్వవచ్చును గాని, దానిలో ఒక చమత్కారం కూడా ఉంది. పొరుగు రాష్ట్రపు బట్ట అని చెప్పుకొంటే సినిమా బట్ట అనే నింద తప్పుతుంది. లంగా ఓణీకీ చీరకూ మధ్య మూడవ మార్గం లేని ఇళ్ళలోకి చుడీదారు ఆ పేరుతోనే ప్రవేశించింది. ఓణీ మాత్రం వదలలేదు. చున్నీగా మారి భుజాన నిలిచింది. బిగుతును తగ్గించి, కుర్తాను మోకాళ్ళ కిందికి దించి, పెద్దలు ఒప్పుకొనే కొలతకు తెచ్చిన ఘనత ఊళ్ళలోని దర్జీలది.

ఈ ప్రక్రియలో నలుపు తెలుపు చిత్రాల పాత్రను ఇంతవరకు ఎవరూ తగినంతగా గుర్తించినట్లు లేదు. ‘లవ్ ఇన్ సిమ్లా’ నలుపు తెలుపు చిత్రం. 1955 నాటి ‘మిస్సమ్మ’, 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపు చిత్రాలే. సావిత్రి, జమున తదితరులు ధరించిన బుట్టచేతుల రవికలను, పూల అంచు చీరలను చూసి వచ్చిన ప్రేక్షకురాలికి ఆ చీర రంగు ఏమిటో తెలియదు. తెర చెప్పింది ఒకటే: అంచు ముదురు, ఒడలు లేత. ఆ ముదురు చిలకపచ్చ కావచ్చు, మెరూను కావచ్చు, నేరేడు కావచ్చు. బట్టల దుకాణంలో తానుల ముందు కూర్చొని ఆమె తన ఒంటి రంగును బట్టి, తన వద్ద ఉన్న డబ్బును బట్టి, ఇంట్లో మామగారి ఆమోదాన్ని బట్టి ఆ ఖాళీని పూరించుకొన్నది. తార ఇచ్చినది గీత. రంగు వేసుకొన్నది ప్రేక్షకురాలు. సాంకేతికమైన ఒక లోటు వ్యక్తి అభిరుచికి ఇంతటి అవకాశం కల్పించిందని ఆనాటి ఛాయాగ్రాహకులు ఊహించి ఉండరు.

రంగు తరువాత కొలత. తెరమీది రవికకు, ఒంటిమీది రవికకు మధ్య కుట్టు మిషను ఉంది. చిత్రం చూసి వచ్చిన యువతి చేతులతో గాలిలో చూపించిన మెడ ఆకారాన్ని దర్జీ తన బుద్ధితో అర్థం చేసుకొనేవాడు. ఆ చిత్రాన్ని అతడూ చూసి ఉండవచ్చు, చూడకపోనూవచ్చు. చూసి ఉన్నా అతడికి గుర్తున్నది వేరు, ఆమెకు గుర్తున్నది వేరు. ఇద్దరి జ్ఞాపకాల మధ్య బేరంలో పుట్టిన రవిక ఏ తారదీ కాదు. దర్జీ పొరపాట్లు సైతం అభిరుచి చరిత్రలో చోటు సంపాదించుకొన్నాయి. 1975 నాటి ‘దీవార్’లో అమితాబ్ బచ్చన్ రేవు కూలీగా నీలి చొక్కా కొసలను నడుము వద్ద ముడివేసుకొని కనిపిస్తారు. ఆ చొక్కాను దర్జీ మరీ పొడవుగా కుట్టడం వల్ల, చిత్రీకరణ ఆగకుండా ఉండేందుకు దానిని ముడివేయవలసి వచ్చిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పారు. ఆ ముడిని చూసి దేశమంతటా యువకులు సరిగ్గా కుట్టిన చొక్కాలకు ముడులు వేసుకొన్నారు. సాధన నుదురు వలెనే ఇక్కడ కూడా మూలంలో ఉన్నది ఒక ఇబ్బంది, దానికి అప్పటికప్పుడు దొరికిన ఉపాయం.

తెలుగునాట ఈ కోవలో ప్రత్యేకంగా పేర్కొనదగినవారు వాణిశ్రీ. ఎత్తైన కొప్పు, నిండు రవిక, ఒద్దికగా కుచ్చెళ్ళు తీర్చిన చీర ఆమె ముద్ర. 1970లలో ఆమె కొప్పులకు సవరాలు పెట్టి తీర్చుకొన్న స్త్రీలు లెక్కకు మిక్కిలి. దీనిని కేవలం సోకు అని భావించడం పొరపాటు. కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా 1971లో వచ్చిన ‘ప్రేమనగర్’లోనూ, యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 1976లో వచ్చిన ‘సెక్రటరీ’లోనూ ఆమె పాత్ర ఉద్యోగం చేసి కుటుంబాన్ని పోషించే యువతి, యజమాని ఎదుట తలవంచని యువతి. ఆ దశాబ్దంలోనే తెలుగు స్త్రీలు పెద్ద సంఖ్యలో కార్యాలయాలకు, పాఠశాలలకు, బ్యాంకులకు ఉద్యోగాలకు వెళ్ళసాగారు. ఇంట్లో కట్టుకొనే కట్టు వారికి చాలదు. పెళ్ళికి కట్టుకొనేది పనికిరాదు. పురుషుల మధ్య కూర్చొని పనిచేసేటప్పుడు గౌరవాన్ని తెచ్చిపెట్టే వేషం ఏది అన్నది వారి ముందున్న ప్రశ్న. వారి తల్లుల వద్ద దానికి సమాధానం లేదు, ఎందుకంటే తల్లులు ఉద్యోగాలు చేయలేదు. వాణిశ్రీ వద్ద సమాధానం దొరికింది. జడ ముందుకు పడకుండా పైకి చుట్టిన కొప్పు, జారకుండా పిన్నుతో నిలిపిన పమిట ఆ సమాధానంలోని ముఖ్యాంశాలు. సవరం బరువుకు మెడ నొప్పి పుట్టినవారు కొప్పు ఎత్తు తగ్గించుకొన్నారు. బస్సులో నిలబడి ప్రయాణం చేసేవారు కుచ్చెళ్ళ సంఖ్య తగ్గించుకొన్నారు. చివరికి మిగిలినది వాణిశ్రీ కొప్పూ కాదు, పాత జడా కాదు, ఉద్యోగిని ముడి.

అనుకరణను తక్కువచేసి మాట్లాడేవారు మరచిపోయే విషయం ఒకటుంది. ఎవరు ఏమి ధరించాలో కులమే శాసించిన ప్రాంతాలు ఈ దేశంలో ఉండేవి. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పై వస్త్రం ధరించే హక్కు కోసం దశాబ్దాలపాటు అవమానాలను, దాడులను ఎదుర్కొన్నారు. 1859లో వెలువడిన రాజప్రకటన వారికి ఆ హక్కును అంగీకరిస్తూనే, అగ్రవర్ణ స్త్రీల తీరులో మాత్రం ధరించరాదని షరతు పెట్టింది. నిషేధం వస్త్రంమీద కాదు, పోలికమీద. ఆ షరతును తలచుకొన్నప్పుడు, రెండు అణాలో నాలుగు అణాలో పెట్టి టిక్కెట్టు కొన్న ప్రతి స్త్రీకీ తెరమీది నాయిక వలె పమిట వేసుకొనే స్వేచ్ఛ లభించడం చిన్న విషయంగా తోచదు. రాణులను చూసి నేర్చుకోవడానికి అంతఃపురంలో ప్రవేశం కావాలి. కూచ్‌బెహార్ మహారాణి ఇందిరాదేవి, ఆమె కుమార్తె జయపూరు మహారాణి గాయత్రీదేవి ధరించిన ఫ్రెంచి షిఫాన్ చీరలు ఎంత సుకుమారమైనవైనా, సామాన్యులు వాటిని పత్రికల్లోని ఫొటోల్లోనే చూశారు. సినిమా తార మాత్రం నేలబెంచీకి కూడా అందుబాటులో ఉంది.

ఇదంతా గడచిన కాలాన్ని కీర్తించడానికి కాదు. ఆ కాలంలో జుట్టు కత్తిరించుకొన్నందుకు దెబ్బలు తిన్న ఆడపిల్లలు ఉన్నారు. వితంతువులకు ఏ తారనూ అనుసరించే హక్కు లేదు. నేటి యువతికి ఉన్న ఎంపిక ఆనాటివారికి కలలోకి కూడా రాలేదు. అయితే ఎంపిక విస్తరించిన కొద్దీ పూరించుకోవలసిన ఖాళీ కుంచించుకుపోవడం కూడా వాస్తవమే.

ఆ మార్పుకు మైలురాయిగా 1994లో విడుదలైన ‘హమ్ ఆప్ కే హై కౌన్’ చిత్రాన్ని పేర్కొనవచ్చు. అందులో మాధురీ దీక్షిత్ ధరించిన ఊదారంగు చీర, దానికి జతగా పనితనంతో కూడిన రవిక పెళ్ళిళ్ళ సీజనులో దేశమంతటా ప్రత్యక్షమయ్యాయి. ఇక్కడ ఊహకు మిగిలింది తక్కువ. రంగు ఊదాయే కావాలి, చిలకపచ్చ పనికిరాదు. దుకాణదారుకు సినిమా పేరు చెబితే చాలు, చీర వస్తుంది. మరుసటి సంవత్సరం ‘రంగీలా’ చిత్రానికి మనీష్ మల్హోత్రా రూపొందించిన దుస్తులతో రూపకర్త పేరు కూడా తార పేరుతోపాటు ప్రచారంలోకి వచ్చింది. 1986లో ఢిల్లీలో నెలకొన్న జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 1995లో హైదరాబాదుకు విస్తరించింది. 2005 నాటి ‘బంటీ ఔర్ బబ్లీ’లో రాణీ ముఖర్జీ ధరించిన కాలరు కుర్తా, పటియాలా సల్వారు సిద్ధదుస్తులుగా వీధి దుకాణాలకు చేరాయి. సిద్ధదుస్తులకు దర్జీ అవసరం లేదు. ఉన్నా అతడి పని పొడవు తగ్గించడం, పక్క కుట్లు బిగించడం వరకే. గాలిలో చేతులతో మెడ ఆకారం చూపించే యువతీ లేదు, దానిని అర్థం చేసుకొనే బాధ్యతా అతడికి లేదు. ఇటీవలి దశాబ్దాల్లో తారలు వస్త్ర వ్యాపార సంస్థలకు ప్రచారకర్తలు కావడంతో అనుసరణకు, కొనుగోలుకు మధ్య దూరం దాదాపు చెరిగిపోయింది.

నష్టం దర్జీతో ఆగలేదు. ఒక తార ఇక్కత్ చీర కట్టుకొని కనిపించినప్పుడు పోచంపల్లి నేతగాడికి మేలు జరగాలి. ఇక్కత్‌లో నమూనా ముందుగా నూలులోనో పట్టులోనో పుడుతుంది. పోగులను కట్టి, రంగులో ముంచి, విప్పి, ఆరబెట్టి, తిరిగి కట్టి, ఆ తరువాతనే మగ్గమెక్కిస్తారు. అందువల్ల చీర రెండు వైపులా ఒకే విధంగా కనిపిస్తుంది. కాని తార కట్టిన చీరను చూసినవారికి కావలసినది ఆ చీర ‘కనిపించే తీరు’ మాత్రమే అయినప్పుడు, ఆ తీరును గుడ్డమీద అచ్చువేసి అమ్మడం తేలిక. తిప్పి చూస్తే వెనుకవైపు వెలవెలబోతుంది. తిప్పి చూసేవారు తక్కువ. చీరతో సహా కొన్ని రకాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ రక్షణలు అవసరమే. అయితే కొనేవారి వేలికొసలకు బట్ట తెలియనప్పుడు చట్టానికి ఉండే శక్తి పరిమితం. వెనుకటి తరంలో తారను చూసి వచ్చిన స్త్రీకి రంగు తెలియకపోయినా బట్ట తెలుసు. ఆమె కుమార్తెకు రంగు, రూపకర్త పేరు, ధర అన్నీ తెలుసు.

ఈ నేపథ్యంలో 2018లో విడుదలైన ‘మహానటి’ చిత్రాన్ని వస్త్రాల దృష్టితో తిరిగి చూడడం ఉచితం. సావిత్రి జీవితాన్ని చిత్రించిన ఈ చలనచిత్రానికి దుస్తులు సమకూర్చిన ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకు జాతీయ పురస్కారం లభించింది. హైదరాబాదుకు చెందిన గౌరాంగ్ షా చేనేతపైనే తన కృషిని నిలిపినవారు కావడంతో, తార వేషం మరమగ్గానికి కాక చేతిమగ్గానికి దారితీసిన అరుదైన సందర్భం ఇది. కీర్తి సురేశ్ ధరించిన చీరలు ఒంటిమీద కూర్చొన్న తీరులో, ముడత పడిన తీరులో చేనేత బరువు కనిపిస్తుంది. నటనకు ఆ బరువు తోడ్పడింది. ఇబ్బంది మరొకచోట ఉంది. సావిత్రి నటించిన నలుపు తెలుపు చిత్రాల్లోని వస్త్రాలకు ఆధారంగా మిగిలినవి బూడిద ఛాయలు. వాటికి రంగు ఇవ్వక తప్పదు. ఇచ్చిన ప్రతి రంగూ, ఎంత అభిరుచితో ఇచ్చినా, అనేక రంగులను తొలగించి ఒకదానిని నిలుపుతుంది.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు జరిగినది కూడా ఇదే. యాభైమూడేళ్ళు శశిరేఖ పట్టుబట్టలకు రంగు లేదు. అంతకు ముందు ఆ చిత్రాన్ని చూసినవారిని ఆ బట్టల రంగు అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చెప్పవచ్చు. తరువాత చూసినవారు చెప్పేది ఒకే రంగు.